అడిగి వదిలేస్తున్న ప్రశ్న: పడమటి మండలాల్లో పొగ మాన్పించే సేవలు

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పట్టుకెళ్లే కాగితాల్లో ఒకటుంది. ముప్పయ్యేళ్లు దాటిన ప్రతి మనిషి పేరా దాన్ని నింపాలి. వయసెంత, నడుము చుట్టుకొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా, మందు తాగే అలవాటుందా, ఒళ్లు వంచి పని చేస్తారా అని వరసగా అడుగుతుంది. పొగాకు ప్రశ్న కూడా అందులోదే. అసలు వాడకపోతే సున్నా. ఒకప్పుడు వాడి మానేసినా, ఇప్పుడు అప్పుడప్పుడూ వాడుతున్నా ఒకటి. రోజూ వాడితే రెండు మార్కులు. అన్నీ కూడితే నాలుగు దాటినవాళ్లను ముందుగా పరీక్షలకు పంపాలి. బి.కొత్తకోట మండలంలో ఏ పల్లెకు పోయినా ఇదే కాగితం, కుప్పంలోనూ ఇదే, దేశమంతా ఇదే.

మార్కు వేశాక ఏమవుతుందన్నదే అసలు సంగతి. బీపీ ఎక్కువుంటే మాత్రలిస్తారు, నెల తిరిగేలోగా మళ్లీ చూస్తారు. షుగరుకూ అంతే. రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చే మనిషికి మాత్రం చాలాచోట్ల "మానెయ్ నాయనా, ఆరోగ్యానికి మంచిది కాదు" అన్న ఒక్క మాటతో వైద్యం ముగుస్తుంది. ఆ మాట అతనికి కొత్త కాదు. భార్య చెప్పింది, కూతురు చెప్పింది, కట్ట మీద బొమ్మ కూడా చెబుతోంది. అతను ఎన్నడూ విననిది రెండో ప్రశ్న: "పోయిన వారం మానతానన్నావు గదా, ఏమైంది?" పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో పొగ మాన్పించే సేవల గురించి ఎంత చెప్పుకున్నా చివరికి ఆ రెండో ప్రశ్న దగ్గరికే రావాలి. ముక్కలు ముక్కలుగా సేవలున్నాయి, మందులున్నాయి, ఫోన్ నంబరుంది, చట్టముంది. మళ్లీ పలకరించే మనిషి లేడు.

ముందు లెక్కలు. 2016-17లో జరిగిన రెండో జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. నమిలేవాళ్లు 21.4 శాతం, కాల్చేవాళ్లు 10.7 శాతం. అంటే దేశం మొత్తం మీద కాల్చడం కన్నా నమలడం రెట్టింపు. ఆంధ్రప్రదేశ్‌కు వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ పొగాకు వాడేవాళ్లు ఐదుగురిలో ఒకరు. అందులో కాల్చేవాళ్లు 14 శాతం, నమిలేవాళ్లు 7 శాతం దాకా. ఉత్తరాదిని దృష్టిలో పెట్టుకుని గుట్కా మీద, ఖైనీ మీద తయారు చేసిన పోస్టర్లు ఇక్కడ గోడలకు అంటించినా సగం గురి తప్పుతాయి. మనది ప్రధానంగా బీడీ, సిగరెట్, చుట్ట సమస్య.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. దేశంలో పొగ తాగేవాళ్లలో 55 శాతానికి పైగా మానాలన్న ఆలోచనలో ఉన్నవాళ్లే. అంతకు ముందు ఏడాదిలో ఒక్కసారైనా ప్రయత్నించినవాళ్లు 38.5 శాతం. "వీళ్లు చెబితే వినరు" అని ఆసుపత్రుల్లో తరచూ వినపడే మాటకు ఈ అంకెలే జవాబు. వినేవాళ్లు సగానికి పైగా ఉన్నారు, చేసి చూసినవాళ్లూ తక్కువేమీ కాదు.

పడమటి మండలాల బతుకు తీరు చూస్తే బీడీకి ఎన్ని వేళలో అర్థమవుతుంది. మదనపల్లె టమోటా మార్కెట్లో తెల్లవారకముందే పని మొదలవుతుంది. హమాలీలు, లోడు కోసం కాచుకున్న లారీ డ్రైవర్లు, రాత్రంతా ప్రయాణం చేసి పంట తెచ్చిన రైతులు, వీళ్లందరికీ నిద్ర ఆపేవి టీ, బీడీ. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో రాతిదుమ్ము పీల్చే ఊపిరితిత్తుల్లోకే పొగ కూడా పోతుంది. ఆ రెండూ కలిస్తే జరిగే నష్టం విడివిడిగా జరిగేదాని కంటే ఎక్కువ. కుప్పం నుంచి బెంగళూరుకు రైల్లో రోజూ పనికి పోయి వచ్చేవాళ్లున్నారు. తెల్లారుజామున పోయి చీకటి పడ్డాక వచ్చే కూలికి పగటిపూట మాత్రమే తెరిచుండే ఏ క్లినిక్కూ అందదు.

సర్కారు కాగితం మీద ఏర్పాటు లేకపోలేదు. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం 2007-08లో 21 రాష్ట్రాల్లోని 42 జిల్లాలతో మొదలై తర్వాత దేశమంతా విస్తరించింది. దాని ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక పొగాకు నియంత్రణ విభాగం, ఒక కన్సల్టెంటు, ఒక సోషల్ వర్కరు, ఒక కౌన్సెలరు ఉండాలి. పొగ మాన్పించే కేంద్రం జిల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఇక్కడే పడమటి మండలాలకు చిక్కొచ్చింది. ఈ ఊళ్లు చాలాకాలం జిల్లా అంచునే ఉండేవి. కుప్పం నుంచి చిత్తూరు దాదాపు నూరు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయినప్పుడు మదనపల్లె, బి.కొత్తకోట రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లాలో పడ్డాయి, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే మిగిలాయి. ఆ తర్వాత కూడా జిల్లా గీతల మీద చర్చ ఆగలేదు. గీత ఎక్కడ గీసినా, జిల్లాకు ఒక్క కౌన్సెలరు అన్న లెక్క మారనంతకాలం బి.కొత్తకోట బీడీ తాగే మనిషికి ఒరిగేదేమీ లేదు. దగ్గు మందు కోసం పూట కూలి పోగొట్టుకుని మదనపల్లెకు పోతాడేమో గానీ, కౌన్సెలింగ్ కోసం ఎవరు పోతారు?

మిగతా ముక్కలు ఇలా ఉన్నాయి. పెద్ద ఆసుపత్రుల్లో బీపీ, షుగరు, కేన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బుల క్లినిక్కులున్నాయి. పొగాకు సలహా కూడా వాటి పనుల్లో ఒకటి. 2019 తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఆసుపత్రుల్లో డీ అడిక్షన్ కేంద్రాలు తెరిచింది, కానీ వాటి గురి మద్యం. పైగా ఆ గది ముందు నిలబడితే తాగుబోతు అనుకుంటారేమోనని బీడీ తాగే పెద్దమనిషి గడప తొక్కడు. దంత కళాశాలలన్నిటా పొగాకు మాన్పించే కేంద్రాలు పెట్టాలని 2018లో డెంటల్ కౌన్సిల్ ఆదేశించింది. అది మేలైన ఆలోచన, ఎందుకంటే పొగాకు మరక మొదట కనిపించేది పళ్ల డాక్టరుకే. కానీ ఆ మేలు కళాశాలలున్న పట్నాలకు అందినంతగా మండల కేంద్రాలకు అందదు. కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఉంది, అక్కడ ఛాతీ వైద్యులు, మానసిక వైద్యులు ఒకే ప్రాంగణంలో దొరుకుతారు. ఆ అదృష్టం పుంగనూరుకు లేదు. అక్కడివాళ్లు కష్టమైన జబ్బయితే తిరుపతి రుయాకో, వేలూరు సీఎంసీకో, బెంగళూరుకో బస్సెక్కుతారు. పొగ మానడానికి బస్సెక్కినవాళ్లు అరుదు.

ఈ ప్రాంతానికి ఇంకో ఆస్తి ఉంది. దాని విలువ ఈ ప్రాంతమే మరిచిపోయినట్టుంది.

మదనపల్లె శివారులో ఆరోగ్యవరం ఉంది. 1912లో మిషనరీ సంస్థలు కలిసి పెట్టిన క్షయ చికిత్సాలయం అది, 1915లో ఇప్పుడున్న చోటికి వచ్చింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి రూపం ఇచ్చారు. హార్సిలీ కొండల వైపు నుంచి వీచే చల్లని పొడిగాలి, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్న ఎత్తు, ఇవి చూసి ఆ చోటు ఎంచుకున్నారు. క్షయకు మందులు లేని కాలమది. గాలి, తిండి, విశ్రాంతే వైద్యం. దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు వచ్చి నెలల తరబడి ఉండేవారు. దగ్గుతూ, ఎక్స్‌రేలో క్షయలాగే కనిపిస్తూ క్షయ కాని ఒక జబ్బును 1940లో ఇక్కడి వైద్యులే గుర్తించి రాశారు. రక్తంలో ఒక రకం తెల్లకణాలు విపరీతంగా పెరిగే జబ్బది. తర్వాత వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది. 1948లో దేశంలో బి.సి.జి. టీకా పని మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి.

వాటన్నిటి కంటే ఈ వ్యాసానికి పనికొచ్చేది 1950లో మొదలైన ఇంకో పని. మదనపల్లె పట్నాన్ని, చుట్టూ ఉన్న పల్లెల్ని తీసుకుని, ఇంటింటికీ తిరిగి, ఎవరికి క్షయ ఉంది, ఎవరికి లేదు, ఎవరికి కొత్తగా వచ్చింది అని ఏళ్ల తరబడి చూశారు. జోహానెస్ ఫ్రిమోట్ మోలర్ నడిపిన ఆ అధ్యయనంలో 1950 నుంచి 1955 దాకా జరిగిన భాగం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. కంప్యూటర్లు లేవు, సెల్‌ఫోన్లు లేవు. పల్లెకు పోయిన మనిషి మళ్లీ అదే పల్లెకు, అదే ఇంటికి పోయి అదే మనిషిని చూడడమే పద్ధతి. ఆ అధ్యయనం మొదలైన పదేళ్లలోపే మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం ఇంకో మెట్టు ఎక్కింది. చికిత్సాలయంలో పడుకోబెట్టి ఇచ్చినా, ఇంటి దగ్గరే ఉంచి ఇచ్చినా మందులు ఒకేలా పనిచేస్తాయని 1959లో తేల్చింది. చికిత్సాలయాల యుగం దాంతో ముగిసింది. రోగి డాక్టరు దగ్గరికి పోయి ఉండే కాలం పోయి, మందూ మనిషీ రోగి ఇంటికి వచ్చే కాలం మొదలైంది.

క్షయకూ బీడీకీ ఉన్న చుట్టరికం ఊహ కాదు. పొరుగున ఉన్న తమిళనాడులో వెందన్ గజలక్ష్మి, రిచర్డ్ పెటో, వాళ్ల బృందం చనిపోయిన 43,000 మంది మగవాళ్ల వివరాలు, బతికున్న 35,000 మంది వివరాలు పక్కపక్కన పెట్టి చూశారు. 2003లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. దేశంలో క్షయతో చనిపోయే మగవాళ్లలో దాదాపు సగం మంది చావుకు పొగ తాగడమే కారణమని వాళ్లు అంచనా వేశారు. పొగ తాగేవాడి ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిమి లేస్తుంది. మందులతో నయమైనవాడికి మళ్లీ తిరగబెట్టే ప్రమాదమూ ఎక్కువే. అందుకే 2017లో కేంద్రం క్షయ కార్యక్రమాన్ని, పొగాకు కార్యక్రమాన్ని కలిపి నడపమని ఒక చట్రం తయారు చేసింది. క్షయ రోగి వచ్చిన ప్రతిసారీ పొగాకు గురించి అడగాలి, నాలుగు మాటలు చెప్పాలి, మానడానికి సాయం ఇప్పించాలి.

ఆలోచించి చూస్తే పొగ మాన్పించడానికి క్షయ చికిత్స కంటే మంచి అదను దొరకదు. మందులు కనీసం ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ ఆరోగ్య కార్యకర్త ఫోన్ చేస్తుంది, ఇంటికి వస్తుంది, కళ్లె పరీక్ష చేయిస్తుంది. పోషణ కోసం నెలకు 500 రూపాయలిచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. రోగి భయపడి ఉంటాడు, వినే స్థితిలో ఉంటాడు. అతని వివరాలు నమోదయ్యే నిక్షయ్ పోర్టల్‌లో పొగాకు గడి కూడా ఉంది. చేయాల్సిందల్లా ఆ గడిలో టిక్కు పెట్టడంతో ఆగిపోకుండా, ప్రతి నెలా మాత్రల సంగతితో పాటు బీడీల సంగతీ అడగడం. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టు కూడా అక్కర్లేదు.

పల్లెలో మామూలు ఆరోగ్య కార్యకర్త చెబితే పొగ మానతారా అన్న అనుమానం ఉన్నవాళ్లకు జవాబు శ్రీకాకుళం నుంచి వస్తుంది. అక్కడి ఆడవాళ్లు చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, అడ్డపొగ అంటారు, వైద్య ప్రపంచానికి బాగా తెలిసిన వింత. 1960లలో బొంబాయి టాటా పరిశోధనా సంస్థకు చెందిన దంత వైద్య విభాగం ఫలీ మెహతా నాయకత్వంలో దేశంలోని ఐదు జిల్లాల్లో 50 వేల మందికి పైగా గ్రామీణుల నోళ్లు పరీక్షించింది. శ్రీకాకుళం వంతు పదివేల మంది పైచిలుకు. వాళ్లలో 40 శాతానికి మించి అడ్డపొగ తాగుతున్నారు. అంగిలి మీద తెల్లమచ్చలు, పుళ్లు, కొందరికి కేన్సర్. ఈ పనిలో మెహతాకు తోడు నిలిచిన జెన్స్ పిండ్‌బోర్గ్ కూడా డెన్మార్క్ వాడే. మదనపల్లె ఊపిరితిత్తుల్నీ శ్రీకాకుళం అంగిళ్లనీ ప్రపంచానికి పరిచయం చేసినవాళ్లలో డేన్లుండడం యాదృచ్ఛికమే అయినా గమ్మత్తైన సంగతి.

అక్కడితో ఆగి ఉంటే అది ఇంకో సర్వేగా మిగిలిపోయేది. 1970ల చివర్లో అదే బృందం శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లను తీసుకుని మాన్పించే ప్రయత్నం మొదలుపెట్టింది. ఏడాదికోసారి నోరు పరీక్ష చేయడం, మచ్చ ఉంటే ఆ మనిషికే చెప్పడం, మనిషికి మనిషి ఎదురుగా కూర్చుని మానమని అడగడం, సినిమాలు, పోస్టర్లు. మరుసటి ఏడు మళ్లీ అదే ఇల్లు, అదే మనిషి. 1986లో లాన్సెట్‌లో ఐదేళ్ల ఫలితాలు వచ్చాయి. ఏ సలహా లేకుండా వదిలేసినవాళ్లతో పోలిస్తే సలహా అందినవాళ్లలో మానినవాళ్లు, తగ్గించినవాళ్లు ఎక్కువ. కేన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడమూ తగ్గింది. చదువు లేనివాళ్లు, కూలికి పోయేవాళ్లు, తరతరాల అలవాటు ఉన్నవాళ్లు కూడా, ఓపిగ్గా వెంట పడితే మారతారని తెలుగు నేల మీదే, నికోటిన్ గమ్ ఇంకా మన పల్లెల ముఖం చూడని రోజుల్లోనే రుజువైంది. ఇంత దగ్గరి పాఠం ఉండగా మన ఆరోగ్య శాఖ కరపత్రాలు ఎప్పుడూ పరాయి దేశాల ఉదాహరణలతో ఎందుకు నిండిపోతాయో అర్థం కాదు.

ఒక్కసారి చెప్పి వదిలేస్తే ఏమవుతుందో ఢిల్లీ చూపించింది. అక్కడి పేదల బస్తీలు 32 తీసుకుని, సగం బస్తీల్లో పొగాకు వాడేవాళ్లకు ఒక్కసారి, పావుగంట, శిక్షణ పొందిన కార్యకర్త చేత సలహా, దాంతో పాటు యోగా ఊపిరి సాధన చెప్పించారు. ఫలితం 2017లో అచ్చయింది. ఆరు నెలల తర్వాత చూస్తే సలహా అందినవాళ్లలో నూటికి 2.6 మంది మానారు, మిగతా బస్తీల్లో 0.5 మంది. ఐదు రెట్లు అని సంబరపడొచ్చు. లక్షల మందికి చెబితే రెండున్నర శాతం కూడా చాలా ప్రాణాలే. కానీ మంచి శిక్షణతో, శ్రద్ధగా చెప్పిన ఒక్క మాట బలం అంతేనన్న సంగతి కూడా ఆ అంకెలోనే ఉంది. సొంతంగా, ఏ సాయమూ లేకుండా మానేవాళ్లలో ఏడాది పాటు నిలిచేది నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు.

ఎందుకంత కష్టమో తెలియాలంటే మానిన మొదటి నెల ఎలా గడుస్తుందో చూడాలి. చివరి బీడీ ఆర్పిన రెండు మూడు రోజులకు యాతన ముదురుతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం, ఊరికే ఆకలి. దగ్గు తగ్గుతుందనుకుంటే మొదట్లో పెరుగుతుంది, కళ్లె ఎక్కువ పడుతుంది, ఎందుకంటే పొగకు చచ్చుబడిన ఊపిరి గొట్టాలు మళ్లీ తమను తాము శుభ్రం చేసుకోవడం మొదలుపెడతాయి. "బీడీ లేకపోతే పొద్దున్నే దొడ్డికి రాదన్నా" అనే మాట ఈ వైపు ఏ టీ అంగడి దగ్గరైనా వినొచ్చు. అది సాకు కాదు. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, ఆపేస్తే కొన్నాళ్లు మలబద్ధకం నిజంగానే వస్తుంది. నీళ్లు, పీచు, అవసరమైతే ఒక మాత్ర అని ముందే చెప్పినవాడు ఉంటే మనిషి ఓర్చుకుంటాడు. చెప్పకపోతే నాలుగో రోజు "మానితేనే ఒళ్లు చెడింది" అనుకుని అంగడికి నడుస్తాడు. మూడు నాలుగు వారాలు గట్టెక్కితే చాలా వరకు సద్దుమణుగుతుంది. పలకరింపు కావలసింది సరిగ్గా ఆ మూడు నాలుగు వారాల్లోనే.

ఇక బీడీ సిగరెట్ కంటే తేలిక అన్న నమ్మకం ఒకటుంది. ఆకుతో చుట్టింది, సన్నది, కాబట్టి మేలు అని. కాదు. తునికాకులోంచి గాలి సరిగా ఆడదు, బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఒంట్లోకి తక్కువేమీ పోవు.

మందుల సంగతి. నికోటిన్ గమ్ రెండు బలాల్లో దొరుకుతుంది. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు, 4 మిల్లీగ్రాములదానికి డాక్టరు చీటీ కావాలి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్లకు అలవాటు గట్టిదని లెక్క, వాళ్లకు ఎక్కువ బలం అవసరం. దాన్ని బబుల్‌గమ్‌లా నమిలితే పనిచేయదు, ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. నాలుగైదుసార్లు కొరికి, నోరు చురుక్కుమనగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి ఉంచాలి, చురుకు తగ్గాక మళ్లీ కొరకాలి. దానికి ముందు పావుగంట టీ, కాఫీ ముట్టకూడదు, అవి నికోటిన్‌ను నోట్లో ఇంకనివ్వవు. టమోటా మార్కెట్లో టీ గ్లాసు పక్కనే గమ్ నమిలే మనిషికి ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పకపోతే డబ్బు దండగ. చర్మానికి అంటించే ప్యాచీలున్నాయి. బుప్రోపియాన్ మాత్రలున్నాయి, మానే తేదీకి వారం రెండు వారాల ముందే మొదలుపెట్టాలి, మూర్ఛ ఉన్నవాళ్లకు పనికిరాదు. వరెనిక్లిన్ వీటన్నిటిలో గట్టిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూలైలో మొదటిసారి పొగాకు మాన్పించే వైద్యానికి మార్గదర్శకాలిచ్చింది. మందు, మాట రెండూ కలిపి ఇవ్వమంది.

ఖర్చు దగ్గర ఒక అన్యాయం ఉంది. సిగరెట్ తాగేవాడికి గమ్ గిట్టుబాటే. బీడీ తాగే కూలికి కాదు. రోజుకు ఎనిమిది, పది గమ్‌లు కొనాలంటే కట్ట బీడీల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే పేదవాడికి మానడం తాగడం కంటే ఖరీదు. నికోటిన్ మందుల్ని కేంద్రం 2022 అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో చోటు దొరకడం ఒక ఎత్తు, గ్రామ క్లినిక్కులో బీపీ మాత్రల పక్కన గమ్ డబ్బా కనిపించడం ఇంకో ఎత్తు. ఈ ఒక్క పనీ జరిగితే చాలా తేడా వస్తుంది.

ఫోన్ సేవ మాత్రం ఉచితం. 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే కౌన్సెలర్ మాట్లాడతాడు. 2016 మేలో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ ఆసుపత్రి సంస్థలో ఇది మొదలైంది. 2018లో బెంగళూరు నిమ్హాన్స్, ముంబయి టాటా కేన్సర్ సంస్థ, గౌహతి కేన్సర్ ఆసుపత్రి తోడయ్యాయి. దక్షిణాది భాషలు నిమ్హాన్స్ చూసుకుంటుంది కనుక తెలుగులో మాట్లాడొచ్చు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, సోమవారం సెలవు. ఇందులో మెచ్చుకోదగ్గది ఏమిటంటే, మానే తేదీ పెట్టించిన తర్వాత వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారు. పడమటి మండలాలవాళ్లకు నిమ్హాన్స్ కొత్త పేరు కాదు, నూరు, నూటిరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న, మానసిక వైద్యానికి ఎప్పటి నుంచో పోతున్న ఆసుపత్రే.

2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరు ప్రతి పొగాకు ప్యాకెట్టు మీదా అచ్చవుతోంది. కానీ మన అంగళ్లలో సిగరెట్లు ప్యాకెట్లుగా కొనేవాళ్లెంతమంది? ఒకటి, రెండు విడిగా కొంటారు. ప్యాకెట్టు అంగడివాడి దగ్గరే ఉంటుంది, దాని మీది బొమ్మ, నంబరు అతనే చూస్తాడు. విడి సిగరెట్ అమ్మకం ఆగనంతకాలం అది తాగేవాడి కంటికి ఆనని నంబరు. పుంగనూరు బస్టాండులోనో, బి.కొత్తకోట ఆసుపత్రి ఓపీ చీటీ వెనకాలో అదే నంబరు పెద్ద అక్షరాల్లో అచ్చేస్తే అయ్యే ఖర్చు ఎంత?

పొగాకు పండించేవాడికి మాత్రం ఈ రాష్ట్రంలో చిరునామాలకు కరువు లేదు. గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు ఉంది. రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు. 2025లో బర్లీ పొగాకు ధర పడిపోతే ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనిపించింది. రైతు నష్టపోకూడదు, అందులో తప్పుపట్టేదేమీ లేదు. కానీ పొగాకు ఆకు రంగు మారితే సలహా చెప్పే శాస్త్రవేత్త దొరికే రాష్ట్రంలో, ఆ ఆకు కాల్చి మానలేకపోతున్న మనిషికి మండలానికొక్కరైనా దొరకకపోవడం మన ప్రాధాన్యాల గురించి చాలా చెబుతుంది.

బయటి ప్రపంచంలో ఈ పనిని ఊరూరా వ్యవస్థగా మార్చిన దేశం ఇంగ్లండ్. అక్కడి ప్రభుత్వం 1998లో ఒక శ్వేతపత్రం తెచ్చి, మరుసటేడు పేద ప్రాంతాల్లో పొగ మాన్పించే స్థానిక సేవలు మొదలుపెట్టింది, ఆ తర్వాత దేశమంతా విస్తరించింది. వారానికోసారి అదే సలహాదారును కలవాలి, మందు అక్కడే ఇస్తారు, ఊపిరి ఊదించి కార్బన్ మోనాక్సైడ్ చూస్తారు. నాలుగు వారాలు నిలబడితే మానినట్టు లెక్క రాస్తారు. నిధుల కోతలు వచ్చాయి, 2013లో బాధ్యత స్థానిక కౌన్సిళ్లకు బదిలీ అయింది, కొన్నిచోట్ల సేవలు కుంటుపడ్డాయి. 2024-25 నుంచి ఏటా అదనంగా 7 కోట్ల పౌండ్లు ఇస్తున్నారు. అంత డబ్బు మన దగ్గర లేదు. కానీ ఆ పద్ధతిలో ఖరీదు లేని భాగం కూడా ఉంది: అదే మనిషి, వారం వారం, నాలుగు వారాలు, తర్వాత లెక్క.

కుప్పం నుంచి సరిహద్దు దాటితే వచ్చే కృష్ణగిరి జిల్లాలోనే 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' ప్రారంభించింది. బీపీ, షుగరు మందులు ఇంటికే తెచ్చిచ్చే పథకం. మన వైపు 2023 ఏప్రిల్ నుంచి ఫ్యామిలీ డాక్టర్ విధానంలో పీహెచ్‌సీ వైద్యుడు నెలలో రెండుసార్లు పల్లెకు రావడం మొదలైంది. గ్రామ క్లినిక్కులో నర్సింగ్ చదివిన సిబ్బంది ఉన్నారు. అంటే రెండు వారాలకోసారి పలకరింపుకు కావలసిన కాళ్లు, చేతులు ఈపాటికే పల్లెలో తిరుగుతున్నాయి. వాళ్ల నెత్తిన ఇప్పటికే డజను యాప్‌లు, లెక్కలు ఉన్నాయన్న ఫిర్యాదు న్యాయమైనదే. అందుకే ఇంకో యాప్ వద్దు, ఇంకో ప్రచార పక్షోత్సవం అసలే వద్దు. పొగాకు వ్యతిరేక దినమని మే 31న ర్యాలీ తీసి ప్రతిజ్ఞ చేయించడం సులువు, జూన్ 15న పోయి ఎవరు నిలబడ్డారో చూడడమే కష్టం.

ఈ కష్టాన్ని తేలిక చేసే వీలు కుప్పంలో కనిపిస్తోంది. 2025 జూలైలో అక్కడి ఏరియా ఆసుపత్రిలో టాటా సంస్థలతో కలిసి డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభమైంది. పల్లె ఆరోగ్య కేంద్రాలను పెద్ద డాక్టర్లతో కలపడం, రోగుల వివరాలు ఒకచోట ఉంచడం, ఎప్పుడు ఎవరిని మళ్లీ చూడాలో గుర్తు చేయడం దాని పనులు. పొగాకు ప్రశ్నకు రెండు మార్కులు పడిన మనిషి పేరు అక్కడి తెర మీద బీపీ రోగి పేరులాగే నిలిచి ఉంటే, మానే తేదీ తర్వాత మూడో రోజున, రెండో వారంలో, నెలకు, మూడు నెలలకు ఒక్కో ఫోన్ వెళితే, కావలసిన సేవలో సగం సమకూరినట్టే. మిగతా సగం గమ్ డబ్బా. మళ్లీ మొదలుపెట్టినవాళ్లుంటారు, వాళ్లే ఎక్కువ ఉంటారు. చాలామంది నిలకడగా మానేలోపు పలుమార్లు ప్రయత్నించాల్సి వస్తుంది కనుక, తెర మీద రెండో తేదీకి, మూడో తేదీకి కూడా గడులు ఉండాలి. కుప్పంలో తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్లు కూడా చాలానే కాబట్టి ఆ ఫోన్ చేసే మనిషికి మూడు భాషలూ రావాలి.